తూకం తప్పితే, అడుగు జారితే...

బరిలో దిగకముందే ముష్టియోధుని భవితవ్యాన్ని సగం నిర్ణయించేవి రెండున్నాయి: ఒకటి బరువు చూసే యంత్రం, రెండవది కాళ్లకు తొడిగే బూటు.

1934 మార్చి 1. అమెరికాలోని మయామీ నగరం. ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ కిరీటం కోసం ఇద్దరు యోధులు బరిలో ఎదురెదురుగా నిలిచారు. ఒకరు ఇటలీ దేశస్థుడు ప్రైమో కార్నెరా. ఎత్తు ఆరున్నర అడుగులు, బరువు 270 పౌన్లు. రెండవవాడు అమెరికన్ టామీ లాక్రన్. బరువు 184 పౌన్లు. తేడా 86 పౌన్లు, అంటే 39 కిలోలు. ఎదిగే వయసు పిల్లవాణ్ణి ఒకణ్ణి భుజాన వేసుకొన్నంత బరువు కార్నెరాకు అదనంగా ఉందన్నమాట.

లాక్రన్ సామాన్యుడు కాడు. 1927 నుంచి 1929 వరకు లైట్ హెవీవెయిట్ తరగతిలో ప్రపంచ విజేత. ఒడుపుగా తప్పుకోవడంలో, చురుకుగా అడుగులు మార్చడంలో ఆ కాలంలో అతన్ని మించినవాళ్లు అరుదు. ఆ రాత్రి కూడా పదిహేను రౌండ్లూ కూలిపోకుండా నిలిచాడు. కానీ గెలుపు కార్నెరాదే అయింది. ఆ పోటీని తలుచుకొన్నప్పుడు లాక్రన్ ప్రధానంగా చెప్పుకొన్న బాధ పిడిగుద్దుల గురించి కాదు. ఆ భారీ మనిషి తన పాదాలను పదేపదే తొక్కాడనీ, కదలనివ్వలేదనీ!

ముష్టియుద్ధాన్ని చూసే మనకు కనిపించేవి చేతులు, చేతి తొడుగులు, ముఖాన పడే దెబ్బలు. అయితే ఆ ఆటలో న్యాయమనేది నిలబడేది మరి రెండింటిమీద. సమానమైన బరువుమీద, స్థిరమైన పాదంమీద. లాక్రన్‌కు ఆ రాత్రి ఈ రెండూ కరువైనాయి.

సమఉజ్జీ ఎవరు?

ఈ సంగతి మన పురాణాలకు తెలియనిది కాదు. కృష్ణుడు, భీముడు, అర్జునుడు బ్రాహ్మణ వేషాలతో వచ్చి జరాసంధుణ్ణి ద్వంద్వ యుద్ధానికి పిలిచిన ఘట్టం భాగవతం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ముగ్గురిలో ఎవరితోనైనా పోరాడే స్వేచ్ఛ జరాసంధునికి ఉంది. అర్జునుడు తనకు ఈడూ జోడూ కాడని పక్కకు పెట్టి, తనకు తుల్యుడైన భీముణ్ణే ఎంచుకొన్నాడు. సమానుడితో పోరాడి గెలిస్తేనే గెలుపు అన్న మర్యాద ఆ ఎంపికలో ఉంది.

ఆధునిక బాక్సింగ్ ఆ మర్యాదను చాలా ఆలస్యంగా నేర్చుకొంది. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో వట్టి పిడికిళ్లతో జరిగిన పోటీలలో బరువుకు హద్దంటూ లేదు. లావుపాటివాడూ బక్కపలచనివాడూ తలపడేవారు. 1867లో క్వీన్స్‌బెరీ ప్రభువు పేరుమీద వెలువడిన నిబంధనలు ఆటకు కొత్త రూపమిచ్చాయి. మూడు నిమిషాల రౌండు, నిమిషం విశ్రాంతి, చేతికి తొడుగులు, పడినవాడు లేవడానికి పది సెకండ్ల గడువు అప్పుడే స్థిరపడ్డాయి. ఆ సంవత్సరమే లండనులో ఔత్సాహికులకు జరిగిన పోటీలలో తేలిక, మధ్యమ, భారీ అని మూడు తరగతులు ఏర్పరిచారు. 1904లో సెయింట్ లూయీ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ తొలిసారి ప్రవేశించేనాటికి అవి ఏడైనాయి. 1909లో లండనులోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్ వృత్తి బాక్సర్లకు ఎనిమిది తరగతులను ఖాయం చేసింది. అవి పెరిగి పెరిగి, నేడు వృత్తి బాక్సింగ్‌లో 105 పౌన్ల దగ్గర మొదలై పదిహేడు తరగతులదాకా వచ్చాయి.

ఈగ, ఈక, కోడిపుంజు

ఈ తరగతుల పేర్లు అనువాదకుని సహనానికి పరీక్ష. ‘ఫ్లైవెయిట్’ అంటే ఈగ బరువు. ‘ఫెదర్‌వెయిట్’ అంటే ఈక బరువు. ఈగకన్నా ఈక బరువెక్కువ ఎట్లా అయిందో ఆ పేర్లు పెట్టినవారికే తెలియాలి! రెంటికీ నడుమనున్న ‘బాంటమ్’ ఒక పొట్టి జాతి కోడి. జావా దీవిలోని బాంటమ్ రేవు పేరే ఆ కోడికి వచ్చింది. చిన్నదైనా పౌరుషంలో ఏ పుంజుకూ తీసిపోదు. ‘వెల్టర్’ గుర్రపు పందేల నుంచి వచ్చిన మాట. బరువైన రౌతును అట్లా పిలిచేవారు. ఇన్ని కథలున్న పేర్లను తెలుగు చేయబోవడం కన్నా ఉన్నవి ఉన్నట్లు వాడుకోవడమే మేలని నాకు తోచింది. జనం నాలుకమీద అవి ఎప్పుడో తెలుగైపోయాయి.

పేర్లకన్నా అంకెలు ఆసక్తికరమైనవి. కింది తరగతుల మధ్య ఎడం తక్కువ, పై తరగతుల మధ్య ఎక్కువ. ప్రపంచ పోటీలకు 2025లో అమలులోకి వచ్చిన మహిళల పట్టికలో 48, 51, 54, 57, 60 కిలోలు అంటూ మూడేసి కిలోల మెట్లున్నాయి. ఆ పైన ఐదేసి కిలోల మెట్లు. దీనికి కారణం సులభంగానే బోధపడుతుంది. యాభై కిలోల మనిషికి మూడు కిలోల తేడా అంటే నూటికి ఆరు వంతులు. వంద కిలోల మనిషికి అదే మూడు కిలోలు నూటికి మూడు వంతులే.

పిడిగుద్దు బలం చేతి వేగంమీద ఎంత ఆధారపడుతుందో, ఆ చేతి వెనుకనున్న శరీరపు బరువుమీద అంత ఆధారపడుతుంది. దెబ్బ తగిలినప్పుడు తల ఎంతగా ఊగిపోతుందన్నది మెడ కండరాల దారుఢ్యంమీద ఉంటుంది. బరువైనవాడు గట్టిగా కొట్టగలడు, గట్టి దెబ్బకు ఓర్చుకోనూ గలడు. అందుకే తరగతి అనేది పతకాల సంఖ్య పెంచడానికి చేసిన ఏర్పాటు కాదు. మెదడును కాపాడడానికి వేసిన కంచె.

తరగతి మారితే తలరాత మారుతుంది

కంచె ఎక్కడ వేయాలో నిర్ణయించేవారి కలం పోటు క్రీడాకారుల జీవితాలను ఎట్లా తలకిందులు చేస్తుందో మన దేశపు మహిళా బాక్సర్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో.

మణిపూర్‌కు చెందిన మేరీ కోమ్ 2010 నాటికి ఐదుసార్లు ప్రపంచ విజేత. ఆ ఐదు విజయాలూ 48 కిలోలకు మించని తరగతులలోనే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్‌కు మొదటిసారి చోటు దొరికింది. కానీ మూడే తరగతులు: 51, 60, 75 కిలోలు. మేరీ కోమ్ తరగతి అందులో లేదు. ఆమె ముందున్న దారి ఒక్కటే, బరువు పెంచుకొని తనకన్నా పొడగరులతో, దిట్టమైనవారితో తలపడడం. ఇద్దరు బిడ్డల తల్లి అయిన ఆమె అదే చేసి కంచు పతకం తెచ్చింది. సొంత తరగతి ఉండి ఉంటే ఆ కంచు బంగారమయ్యేదా? ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు.

అస్సాం అమ్మాయి లవ్‌లీనా బొర్గోహైన్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో కంచు పతకం గెలిచింది. తర్వాతి ఒలింపిక్స్‌కు ఆ తరగతినే తీసివేశారు. కిందనున్నది 66, పైనున్నది 75. ఆమె పైమెట్టు ఎక్కింది. సరిగ్గా అదే కాలంలో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు అందుకు విరుద్ధమైన ఇరకాటం వచ్చింది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ విజేత అయింది 52 కిలోల తరగతిలో. పారిస్ ఒలింపిక్స్‌కు నిర్ణయమైన తరగతులు 50, 54. ఆమె కిందమెట్టు దిగింది. 2023 మార్చి 26న న్యూఢిల్లీలో ఒకే రోజున, 50 కిలోలలో నిఖత్, 75 కిలోలలో లవ్‌లీనా ప్రపంచ విజేతలైనారు. ఒకరు తగ్గి, ఒకరు పెరిగి.

అదే నిజామాబాద్ నుంచి వచ్చిన మహమ్మద్ హుస్సాముద్దీన్ ఆ ఏడాదే తాష్కెంట్‌లో 57 కిలోల తరగతిలో ప్రపంచ పోటీల కంచు పతకం అందుకొన్నాడు. ఒక జిల్లా కేంద్రం ఇద్దరిని ఆ స్థాయికి పంపడం విశేషమే.

కథ ఎప్పుడూ సుఖాంతం కాదు. 2024 పారిస్‌లో నిఖత్, చైనా బాక్సర్ వు యు చేతిలో ప్రీక్వార్టర్ ఫైనల్‌లోనే ఓడింది. ఆ తరగతి బంగారు పతకం చివరకు వు యునే వరించింది. మరుసటి ఏడాది పట్టిక మళ్లీ మారింది. 2025లో లివర్‌పూల్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు నిఖత్ 51 కిలోల తరగతిలో దిగింది. 52, 50, 51! ఈ అంకెలు పత్రికలో చదివేటప్పుడు మనకు ఏమంత పెద్దవిగా కనిపించవు. కానీ కొవ్వనేది దాదాపు మిగలని క్రీడాకారిణి ఒంటినుంచి రెండు కిలోలు దించడమంటే ఎక్కడినుంచి దించాలి?

చెమట ఖరీదు

ఎక్కడినుంచంటే, ముఖ్యంగా నీటినుంచి. మనిషి శరీరంలో సగానికి పైగా నీరే. ఒక లీటరు చెమట కారిస్తే ఒక కిలో తగ్గుతుంది. అందుకే తూకానికి ముందు రోజుల్లో బాక్సర్లు మంచినీళ్లు మానేస్తారు, ఒంటికి ప్లాస్టిక్ దుస్తులు చుట్టుకొని పరుగెత్తుతారు, ఆవిరి గదుల్లో కూర్చుంటారు. 2018లో పోలండ్‌లో జరిగిన ఒక పోటీకి తెల్లవారుజామున విమానం దిగిన మేరీ కోమ్, తన బరువు దాదాపు రెండు కిలోలు ఎక్కువుందని తెలిసి, తూకానికి మిగిలిన నాలుగు గంటలలో ఒక గంటపాటు ఆగకుండా తాడాట ఆడి ఆ బరువు దించింది. ఆ పోటీలో బంగారు పతకమూ గెలిచింది.

ఇది అబ్బురపడవలసిన కథే కానీ, అనుకరించవలసిన కథ కాదు. మేరీ కోమ్ అప్పటికి రెండు దశాబ్దాల దాకా అనుభవం గడించిన యోధురాలు. ఒంట్లోని నీరు శరీర బరువులో నూటికి రెండు వంతుల మేరకు తగ్గినా సత్తువ, ఏకాగ్రత సన్నగిల్లుతాయని క్రీడా వైద్యులు చెబుతారు. రక్తం చిక్కబడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఒంటి వేడి అదుపు తప్పుతుంది. ఆ స్థితిలో తలమీద దెబ్బలు తినడం మరింత ప్రమాదకరం. వృత్తి బాక్సర్లకు తూకం ముందురోజే ముగుస్తుంది గనుక కోలుకొనేందుకు ఒక రోజు దొరుకుతుంది. ఒలింపిక్ తరహా పోటీలలో పోటీ జరిగే రోజు ఉదయమే తూకం. పోటీ ఎన్ని రోజులుంటే అన్ని తూకాలు.

బాక్సింగ్‌కు దగ్గరి చుట్టమైన కుస్తీ ఇందుకు పెద్ద మూల్యమే చెల్లించింది. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లులు బరువు తగ్గించుకొనే ప్రయత్నంలోనే మరణించారు. ఆ తర్వాతగాని అక్కడి కళాశాలల నిబంధనలు మారలేదు. 2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫోగట్ ఫైనల్ చేరికూడా వంద గ్రాముల అధిక బరువు కారణంగా పతకానికి దూరమైనప్పుడు దేశమంతా కన్నీరు పెట్టింది. ఆ వంద గ్రాములను తిట్టుకొన్న మనం, వాటిని దించడానికి ఆమె రాత్రంతా పడిన యాతనను కూడా తలుచుకోవాలి.

కొత్తగా గ్లవ్స్ తొడుగుతున్న పిల్లల తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. ఎదిగే పిల్లలు నీళ్లు మాని, అన్నం మాని తరగతి దిగకూడదు. చక్కగా తిని, చక్కగా నిద్రపోయి, సాధన చేస్తుండగా ఏ బరువు నిలకడగా ఉంటుందో అదే వారి బరువు. దానికి దగ్గరనున్న తరగతే వారి తరగతి. కింది తరగతిలో సులువుగా పతకం వస్తుందని ఆశపెట్టే శిక్షకుడికన్నా, పై తరగతిలో ఓడినా ఫరవాలేదనే శిక్షకుడు మేలు.

దెబ్బ పుట్టేది పాదంలో

తూకపు యంత్రం ఎక్కేటప్పుడు బాక్సర్ కాళ్లకు బూట్లుండవు. వాటి బరువు లెక్కలోకి రాదు. కానీ బరిలో ఆ శరీరపు బరువంతా నేలకు చేరేదీ, నేలనుంచి తిరిగి పిడికిలికి చేరేదీ ఆ బూటు ద్వారానే.

కుడిచేతి వాటం బాక్సర్ కుడి పిడికిలి విసిరే క్షణాన్ని గమనించండి. వెనుకనున్న కుడి మడమ పైకి లేస్తుంది. మునిపాదం నేలను నొక్కి గిరుక్కున తిరుగుతుంది. ఆ తిప్పు మోకాలికి, తుంటికి, భుజానికి పాకి చివరకు పిడికిలిలో పేలుతుంది. పాదం జారితే ఆ గొలుసు మొదటి కొక్కెందగ్గరే తెగిపోతుంది. పాదం నేలకు అతుక్కుపోతే మరీ ప్రమాదం. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, నడుమనున్న మోకాలు నలిగిపోతుంది. కనుక మంచి బూటు నేలను పట్టుకోవాలి, పట్టుకొన్నదాన్ని విడవనూ వలయును.

బూటు సంగతి పట్టించుకోవడం కొత్తేమీ కాదు. పచ్చికమీద పోటీలు జరిగే రోజుల్లో యోధులు అడుగున మేకులు కొట్టిన బూట్లు తొడిగేవారు. అవి పట్టుకోసమే అయినా, ఎదుటివాని పాదంమీద పడితే ఏమవుతుందో ఊహించవచ్చు. క్వీన్స్‌బెరీ నిబంధనలు వాటిని నిషేధించాయి. నేటి ఔత్సాహిక పోటీలలోనూ మేకులు, మడమ ఎత్తులేని తేలిక బూట్లే తొడగాలి. నేడు బరి అంటే పక్కకు 6.1 మీటర్ల చదరం. పలకలమీద మెత్తని పొర, దానిమీద బిగించి కట్టిన కాన్వాసు గుడ్డ. ఆ మెత్తదనానికీ గరుకుదనానికీ తగినట్లుగా తయారైనదే బాక్సింగ్ బూటు. పలుచని చదునైన రబ్బరు అడుగు, చీలమండను దాటి పైకి వచ్చే మెత్తని గోడ, పొడవాటి లేసులు. వెనుకటి రోజుల్లో బరి మూలన ఒక పళ్లెంలో గుగ్గిలంవంటి జిగురుపొడి ఉంచేవారు. బాక్సర్లు బూటు అడుగును దానిలో రుద్ది పట్టు తెచ్చుకొనేవారు.

బూటు కొనేవేళ

మన పట్టణాల్లో చాలామంది పిల్లలు పరుగు బూట్లతోనే బాక్సింగ్ మొదలుపెడతారు. డబ్బు దండగన్న ఉద్దేశంతో కావచ్చు, తేడా తెలియక కావచ్చు. పరుగు బూటు మనిషి ముందుకు సాగడానికి తయారైంది. దాని మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. బాక్సర్ ఎక్కువగా పక్కలకూ వెనక్కూ కదులుతాడు. ఆ ఎత్తైన మెత్తమీద పక్కకు అడుగు వేస్తే చీలమండ మడతపడే అవకాశం ఎక్కువ. పైగా ఆ మెత్తదనం నేలనుంచి వచ్చే బలాన్ని తానే మింగేస్తుంది. మొదటి నెలల్లో బాక్సింగ్ బూట్లు కొనే స్తోమత లేకుంటే చదునైన అడుగున్న మామూలు కాన్వాసు బూట్లు నయం. కుస్తీ బూట్లు చూపుకు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి గనుక కొందరు వాటితో సరిపెట్టుకొంటారు. అయితే మల్లునికి కావలసింది గట్టి పట్టు, బాక్సర్‌కు కావలసింది సులువుగా తిరగడం. ఆ తేడా గమనించే తీసుకోవాలి.

ఎంత ఎత్తు బూటు మంచిదని అడుగుతారు. పిక్కదాకా వచ్చేది చీలమండకు అండగా ఉన్నట్లనిపిస్తుంది. చీలమండ దగ్గరే ఆగేది తేలికగా ఉండి చురుకునిస్తుంది. చీలమండకు లోగడ బెణుకులున్నవారు ఎత్తైనదాన్ని కోరుకోవచ్చు. కానీ చీలమండకు నిజమైన కాపుదల తాడాటతో, సాధనతో గట్టిపడ్డ కండరాలే.

దుకాణానికి సాయంత్రంపూట వెళ్లండి. రోజంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది; బరిలో పాదం ఉండేదీ అట్లాగే. ఆటలో తొడిగే మేజోళ్లు వెంట తీసుకువెళ్లండి. రెండు పాదాలూ సరిసమానంగా ఉండేవారు తక్కువ గనుక పెద్ద పాదానికి సరిపోయే కొలత ఎంచుకోండి. బొటనవేలి ముందు కొద్దిపాటి ఖాళీ ఉండాలి, మడమ మాత్రం కదలకూడదు. లేసులు బిగించి, మునివేళ్లమీద నిలబడి గిరుక్కున తిరిగి చూడండి. పక్కకు రెండడుగులు వేసి చూడండి. ఎక్కడైనా రాసుకొంటే ఆ జత మీది కాదు. బరి తప్ప మరో నేలమీద, ముఖ్యంగా రోడ్డుమీద, ఆ బూట్లతో నడవకండి. కొత్త జతను పోటీ రోజున తొడగనే తొడగకండి. బరిలోకి వెళ్లేముందు లేసు కొసలు లోపలికి దోపి టేపు చుట్టండి. ఊడిన లేసుమీద తానే కాలు వేసి తూలినవారు లేకపోలేదు.

మరొక్క మాట. వచ్చే ఏటికీ పనికివస్తాయని పిల్లలకు ఒక కొలత పెద్ద బూట్లు కొనడం మన మధ్యతరగతి ఇళ్లలో తరతరాల ఆనవాయితీ. ముందుభాగంలో దూది కుక్కుకొని బడికి నడిచిన తరం నాది. బడికి నడవడానికి అది చెల్లుతుంది, బరిలో చెల్లదు. వదులు బూటులో పాదం ముందుకు జారుతుంది. జారే పాదం ఒక క్షణం ఆలస్యంగా కదులుతుంది. బరిలో దెబ్బ తగలడానికి ఆ క్షణం చాలు.

ఆలోచించి చూస్తే బరువు తరగతికీ బూటుకూ వర్తించే సూత్రం ఒక్కటే. శరీరాన్ని ఎండబెట్టి తరగతిలోకి దూర్చకూడదు. పాదాన్ని నొక్కిపెట్టి బూటులోకి దూర్చకూడదు, పెద్ద బూటులో వదిలిపెట్టనూ కూడదు. శరీరమెంతో తరగతి అంత, పాదమెంతో బూటు అంత.

మయామీలో ఆ రాత్రి లాక్రన్‌కు ఆ అవకాశం లేదు. హెవీవెయిట్‌కు పైహద్దు లేదు గనుక, ఎదుట ఎంతటివాడు నిలిస్తే అంతటివానితో పోరాడవలసిందే. నేడు ఏ ఊళ్లోనైనా తొలిసారి గ్లవ్స్ తొడిగే పిల్లవాడికో, పిల్లకో ఆ దుర్గతి పట్టవలసిన అవసరం లేదు. ఇంట్లో ఉన్న పెద్దలు బరువు చూసే యంత్రంమీది అంకెనూ, చెప్పుల గూటిలోని బూట్లనూ ఒకసారి శ్రద్ధగా చూస్తే చాలు.